నల్లరాయి ఏనుగు

గ్యుమ్రీలో చలికాలం ఐదింటికే తలుపేసుకుంటుంది.
రైలు పట్టాలవతల, ఇనప డబ్బా ఇంట్లో
పొయ్యి మీద కొండవాము ఆకుల టీ,
పొయ్యి పక్కన చదరంగం బల్ల.
నా సంచిలో మూడో తరగతి చదరంగం పుస్తకం.
మా బడిలో లెక్కల తర్వాతి పీరియడ్ అదే.

"దాడికి ముందు గమనించవలసినవి" అని
నేను పైకి చదవబోతే
తాత ముషెగ్ నవ్వుతాడు. ఆయన తాపీమేస్త్రీ.
"గోడ పడాలంటే గోడంతా గుద్దక్కర్లేదురా,
సున్నం చచ్చిన చోటు వెతుకు.
అక్కడ నీవాళ్ళు నలుగురుంటే
వాళ్ళవాళ్ళు ఇద్దరే ఉండాలి.
ఐదుగురున్నారా, ఇంటికెళ్ళి పడుకో."

ఎదురుగా హ్రాచుహి.
ముప్పై ఏళ్ళు స్టేషన్లో సిగ్నల్ దీపాలు చూసిన మనిషి.
ఆమె దగ్గర సలహాలుండవు, అలవాట్లుంటాయి.
కోట కట్టాక రాజు ముందు బంట్లను ముట్టుకోదు,
అంచు బంటును మాత్రం ఒక్క గడి జరుపుతుంది.
"కిటికీ" అంటుంది. "ఊపిరాడాలి కదా."
తాత ఒక పక్కనుంచి బంట్ల వరద వదిలితే
ఆమె వరద వంక చూడదు,
నడిబల్లలో తలుపు తెరుస్తుంది.
ఒకసారి నాతో అంది:
"వచ్చే బండి ఎంత వేగమన్నది కాదు,
ఏ పట్టా మీద వస్తోందన్నది చూడు."

ఆమె నల్ల ఏనుగుల్లో ఒకటి చెక్క, ఒకటి రాయి.
మా ఊరిని కట్టిన నల్లరాయే,
బొటనవేలంత ముక్క.
మేజోళ్ళ ఫ్యాక్టరీ మెట్లున్న చోట ఏరిందట,
ఆ డిసెంబరు తర్వాత.
ఆ మెట్ల మీద పొద్దున్నే ఎవరు ఎక్కి వెళ్ళారో
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
టీ పోసేటప్పుడు తాత కూడా
కూజాను దాని మీదుగా కాక, చుట్టూ తిప్పి తెస్తాడు.

నేను పుట్టకముందు నుంచీ ఆడుతున్నారు.
గుర్రం పోయింది, మంత్రి పోయింది,
ఆ రాయిని మాత్రం ఆమె
ఎప్పుడూ దేనికీ మార్చుకోలేదు.
తాతకు తెలుసు.
ఆయన దాడులన్నిటికీ పునాది అదేనని
నాకు ఈ చలికాలమే అర్థమైంది.
తన ఏనుగును తెచ్చి రాయికి ఎదురుగా నిలుపుతాడు,
ఆమె రాయిని పక్కకి తప్పిస్తుంది,
ఆ ఒక్క ఎత్తు వ్యవధిలో
తెల్ల మంత్రి గుమ్మంలోకి వస్తుంది.
ఆటకట్టు.
సున్నం చచ్చిన చోటు గడుల్లోనే ఉండాలని లేదు.

ఇవాళా అలాగే నిలిపాడు.
నిలిపి, టీలో జాము కలుపుకుంటున్నాడు.

ఆమె రాయిని ఎత్తింది.
చేతిలో ఉంచుకుంది.
బయట గూడ్సు బండి పోయింది,
గోడలు మోగాయి, కప్పులు మోగాయి,
బండి చివరి పెట్టె కూడా పోయాక
ఠక్.
చెక్క మీద చెక్క చప్పుడు కాదది.
తెల్ల ఏనుగు బల్ల దిగింది.

రాయిని తిరిగి చంపాలంటే
మంత్రి పక్కకి రావాలి. దారి మరొకటి లేదు.
వచ్చింది.
గుమ్మం ముందు ఇక ఎవరూ లేరు.

నలభై ఒకటో పేజీలో ఉంది:
ముట్టడిలో ఉన్నవాడు బలగాలను మార్చుకోవాలి.
ఒక్క వాక్యం. నేను పైకి చదవలేదు.

రాయి ఇప్పుడు తాత అరచేతిలో.
జీవితమంతా రాళ్ళు మోసినవాడు,
ఇంత ముక్కను ఎక్కడ పెట్టాలో తెలీక
అలాగే పట్టుకుని, ఒంటిచేత్తో ఆడాడు.
ఆమె బంటు ఒక్కో మెట్టే దిగి వచ్చింది.
ఇరవై ఎత్తుల తర్వాత
తన రాజును తనే పడుకోబెట్టాడు.

"పొయ్యిలో కట్టె వెయ్" అంది హ్రాచుహి, నాతో.

మళ్ళీ పేర్చేటప్పుడు తాత
తన వాటికంటే ముందు
రాయిని తీసుకెళ్ళి దాని మూల గడిలో పెట్టాడు,
అటూ ఇటూ కాకుండా, సరిగ్గా మధ్యన,
తూకం చూసినట్టు.

మొదటి ఎత్తు తెల్లదే.
ఏ రోజైనా కూర్చున్న వెంటనే
రాజు ముందరి బంటును రెండు గడులు తోసే మనిషి,
కట్టె సగం కాలేదాకా
ఏ బంటునూ ముట్టుకోలేదు.